గాయపు కట్టు – గుండె కదలిక

 

ప్లాటినం జూబిలీ వేదికపై గాయాల గురించి, చీము గురించి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. వ్యాసర్పాడి వాసులకు ఇది దూరపు విషయం కాదు. పొరుగున ఉన్న పెరంబూరులోని దక్షిణ రైల్వే ప్రధాన వైద్యశాలలో 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ భారతదేశంలో మొట్టమొదటి కరోనరీ బైపాస్ శస్త్రచికిత్సను విజయవంతంగా నిర్వహించారు. ఢిల్లీలో కాదు, బొంబాయిలో కాదు. రైలుపెట్టెలు తయారయ్యే పేటలో, రైల్వే కార్మికుల కోసం ఏర్పడిన ఆసుపత్రిలో ఆ పని జరిగింది. ఆ మహావైద్యుడు 2025 జనవరిలో కన్నుమూశారు. ఈ యాభై ఏండ్లలో ఆ శస్త్రచికిత్స ఎంత సామాన్యమైపోయిందంటే, చొక్కా పై గుండీ విప్పగానే కనిపించే నిలువు మచ్చను చూసి ఇప్పుడెవరూ ఆశ్చర్యపడరు.

ఆ మచ్చ కింద ఏమి జరిగి ఉంటుందో ఒకసారి తలచుకోవాలి. గుండెను చేరడానికి వైద్యులు ఎదురురొమ్ము ఎముకను, అనగా ఎనిమిదవ తరగతి పుస్తకంలో ఉరోస్థి అని చదివిన ఎముకను, పైనుండి కిందికి నిలువునా రంపంతో కోస్తారు. పని ముగిసిన పిమ్మట రెండు సగాలను దగ్గరకు చేర్చి ఉక్కు తీగెలతో కుట్టివేస్తారు. ఆరు నుండి ఎనిమిది వారాలలో ఎముక అతుకుతుంది. నూటికి తొంభై ఏడు మందికి పైగా ఈ కథ ఇంతటితో ముగుస్తుంది.

మిగిలిన కొద్దిమంది సంగతే ఈనాటి ప్రసంగం. మధుమేహం ఉన్నవారు, స్థూలకాయులు, పొగ త్రాగేవారు, ఊపిరితిత్తుల జబ్బుతో ఎడతెగక దగ్గేవారు ఈ కొద్దిమందిలో ఎక్కువగా ఉంటారు. బైపాస్‌కు వాడే మంచి రక్తనాళం రొమ్ము గోడ లోపలివైపు నుండే తీసుకొంటారు. ఎముకకు నెత్తురందించే నాళం కూడా అదే. ఒకవైపు తీస్తే ఎముక ఓర్చుకొంటుంది. మధుమేహరోగికి రెండువైపులా తీస్తే ఎముక మానడం కష్టమవుతుంది. శస్త్రచికిత్స జరిగిన ఒకటి రెండు వారాలకు జ్వరం, గాయం నుండి రసి, దగ్గినప్పుడు రొమ్ములో ఎముక కటకటమన్న చప్పుడు మొదలవుతాయి. అప్పుడు తీగెలు విప్పి, కుళ్ళిన భాగాన్ని తొలగించి, రొమ్మును తెరచి ఉంచక తప్పదు. తెరచిన ఆ గాయపు అడుగున కొట్టుకొంటూ ఉండేది గుండె.

పూర్వం ఇటువంటి గాయాన్ని మందుగుడ్డలతో నింపి రోజుకు రెండు మూడు సార్లు మార్చేవారు. లేదా గొట్టాల ద్వారా మందునీటితో కడిగేవారు. 1980 ప్రాంతం నుండి రొమ్ము కండరాన్ని గాని, కడుపులోని కొవ్వుపొరను గాని తిప్పి తెచ్చి గుంటను పూడ్చడం వాడుకలోకి వచ్చింది. ఇవన్నీ చేసినా చనిపోయేవారు చాలామందే ఉండేవారు. ఎముక రెండుగా విడిపోయి ఉండడం వలన రోగి సరిగా ఊపిరి తీయలేడు, లేచి కూర్చోలేడు. కృత్రిమ శ్వాసయంత్రం మీద వారాల తరబడి ఉండవలసి వచ్చేది.

ఈ దశలో రంగానికి వచ్చినది పీల్పు కట్టు. దీనికే ఋణ పీడన చికిత్స అని పేరు. పీల్చి బాగుచేయడమన్న తలంపు భారతీయులకు కొత్తది కాదు. జంతువు కొమ్ముతోను, సొరకాయ బుర్రతోను, జలగతోను చెడు రక్తాన్ని పీల్చే విధానాలు సుశ్రుత సంహితలో వర్ణింపబడి ఉన్నాయి. అయితే ఆ పీల్పు నిమిషాలది. ఈ పీల్పు రోజులది. 1993లో జర్మనీలో ఫ్లయిష్‌మన్ అనే వైద్యుడు విరిగిన ఎముకల గాయాలలో స్పాంజి ఉంచి, పైన గాలి చొరని పొర అంటించి, గొట్టంతో పీల్చి మంచి ఫలితాలు ప్రకటించాడు. 1997లో అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన అర్జెంటా, మొరిక్వాస్ అనే ఇద్దరు పందులపై ప్రయోగాలు చేసి, 125 మిల్లీమీటర్ల పాదరసపు పీల్పు వద్ద గాయానికి రక్తప్రవాహం నాలుగు రెట్లు పెరిగినదని చూపారు. అప్పటినుండి ఈ 125 అనే అంకె లోకమంతటా వార్డులలో స్థిరపడిపోయింది.

ఆ అంకెకు అర్థమేమిటో విద్యార్థులు గ్రహించాలి. వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. కట్టు లోపల దానిని 635కు తగ్గిస్తారు. వీధి చివర చేతిపంపు పిడిని నొక్కినప్పుడు గొట్టంలో జరిగేదీ ఇదే. 125 మిల్లీమీటర్ల పీల్పు నీటిని 1.7 మీటర్ల ఎత్తుకు, అనగా ఒక మనిషి నిలువెత్తుకు లాగగలదు. మరొక విధంగా చెప్పాలంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 170 గ్రాముల బరువు మోపినట్లు. పది సెంటీమీటర్ల పొడవు, అయిదు సెంటీమీటర్ల వెడల్పు గల గాయం మీద ఆ లెక్కన పడే మొత్తం బలం ఎనిమిదిన్నర కిలోలు. కాలి మీద గాయానికి ఇదేమంత భారం కాదు. గుండె మీద అయితే?

కుడి జఠరిక శరీరంలో ఎక్కడ ఉన్నదో గుర్తుచేసుకొంటే ప్రశ్న తీవ్రత తెలుస్తుంది. పటంలో గుండెను ఎడమ కుడి భాగాలుగా పక్కపక్కన గీస్తారు గాని, నిజానికి కుడి జఠరిక ముందువైపున, ఉరోస్థికి సరిగ్గా వెనుక ఆనుకొని ఉంటుంది. దాని గోడ మందం 3 నుండి 5 మిల్లీమీటర్లు మాత్రమే; ఎడమ జఠరిక గోడ సెంటీమీటరు వరకు ఉంటుంది. ఎడమ జఠరిక 120 మిల్లీమీటర్ల పీడనంతో రక్తాన్ని దేహమంతటికీ తోయాలి. కుడి జఠరికకు ఊపిరితిత్తుల వరకు తోస్తే చాలు, దానికి 25 మిల్లీమీటర్లే సరిపోతుంది. సడలి నిండే సమయంలో దాని లోపలి పీడనం కొద్ది మిల్లీమీటర్లకు మించదు. మామూలు శ్వాసలో రొమ్ము లోపల ఉండే పీల్పు కూడా నాలుగైదు మిల్లీమీటర్లే. అటువంటి పలుచని గది మీద, గాయానికి చక్కగా పనిచేసే 125 మిల్లీమీటర్ల పీల్పును పెట్టడం ఎంతవరకు క్షేమం? హృదయావరణం కూడా శస్త్రచికిత్సలో చీల్చబడి ఉంటుంది గనుక దాని అండ కూడా లేదు.

పైపైన ఆలోచిస్తే ఋణ పీడనం గుండె నిండడానికి తోడ్పడాలి. ఊపిరి లోనికి తీసినప్పుడు రొమ్ములో పీడనం తగ్గి, సిరల నుండి రక్తం గుండెకు ఎక్కువగా వస్తుంది కదా. కాని కట్టు కింద జరిగేది వేరు. పీల్పు పెట్టగానే మెత్తని స్పాంజి కుదించుకొని బిరుసెక్కుతుంది. దానిని ఆనుకొన్న గుండె ముందుగోడ పైకి లాగబడి, ఆ బిరుసు ముద్దకు అంటుకొని ఉండిపోతుంది. స్వేచ్ఛగా వ్యాకోచించవలసిన గది ఆకారం చెడుతుంది, నిండవలసినంత నిండదు. నిండనిది తోయలేదు. గుండె ఒక్కొక్క స్పందనకు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి 70 సార్లు తోస్తే దాదాపు అయిదు లీటర్లు అవుతుంది. ఆ 70 కాస్తా 60కి దిగితే, అదే అయిదు లీటర్ల కోసం గుండె 82 సార్లు కొట్టుకోవాలి. ఆరోగ్యవంతుని గుండెకు ఇది లెక్కలోనిది కాదు. రెండు వారాల కిందట కోత పడి, చీముతో, జ్వరంతో పోరాడుతున్న గుండెకు ఈ కొసరు పని భారమే.

ఇది ఊహ కాదు. 2003లో అమెరికాలో పందులపై జరిగిన ఒక ప్రయోగంలో, స్పాంజిని నేరుగా గుండెపై ఉంచి పీల్చినప్పుడు గుండె ఒక్కొక్కసారి తోసే రక్తం తగ్గినదని తేలింది. స్పాంజికి, గుండెకు మధ్య కండరపు పొరను గాని, జిడ్డు పూసిన వలగుడ్డను గాని పరచినప్పుడు ఆ నష్టం తగ్గింది. పిమ్మట స్వీడన్ దేశంలోని లుండ్ నగరంలో మాల్మ్‌షో, ఇంగెమాన్సన్, వారి సహచరులు ఈ విషయాన్ని పట్టుకొని ఏండ్ల తరబడి ప్రయోగాలు సాగించారు. గుండె పనిలో కొన్ని ప్రయోగాలలో మార్పు స్వల్పంగాను, కొన్నింటిలో స్పష్టంగాను కనిపించింది. అందులో వింత లేదు. మధ్యన ఏమి వేశారు, ఎన్ని పొరలు వేశారు, ఎంత పీల్చారు అన్నదానిని బట్టి ఫలితం మారుతూ వచ్చింది.

వీరి పనిలో అన్నింటికన్న విలువైనది 2009లో వెలువడింది. పీల్పు నడుస్తూ ఉండగానే అయస్కాంత చిత్రణ యంత్రంలో, అనగా నేడు అందరూ ఎం.ఆర్.ఐ. అనే యంత్రంలో, కొట్టుకొంటున్న పంది గుండెను వారు చూశారు. కనిపించిన దృశ్యం శస్త్రవైద్యులను కలవరపెట్టేది. కుడి జఠరిక గోడ పైకి లేచి, విడిపోయిన ఎముక సగాల నడుమ ఉన్న సందులోకి ఉబ్బి వస్తున్నది. కోసిన ఎముక అంచులు దాని మీద ఒరుసుకొంటున్నాయి. ఎముక అంచు అంటే రంపపు కోత. ఎంత నునుపు చేసినా కత్తి వాదర వంటిదే. జిడ్డుగుడ్డ నాలుగు పొరలు వేసినా ఈ ఉబ్బు ఆగలేదు. గట్టి ప్లాస్టిక్ బిళ్ళను గుండెకు, ఎముకకు మధ్య అమర్చినప్పుడు ఆగింది.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రమాదాలను కలిపివేయకూడదు. మొదటిది గుండె తోసే రక్తం కొంత తగ్గడం. ఇది నెమ్మది ప్రమాదం, పీల్పు తగ్గిస్తే సర్దుకొంటుంది, మెత్తని అడ్డుపొర దీనికి చాలావరకు విరుగుడు. రెండవది జఠరిక చినగడం. ఇది అరుదు, కాని వచ్చిందంటే నిమిషాల వ్యవహారం. గుండె ఎముక వెనుకకు అతుక్కొని ఉండడం, రోగి గట్టిగా దగ్గడం, కరకు ఎముక అంచు, పైనుండి పీల్పు, ఇవి కలిసినప్పుడు పలుచని గోడ చినగిన సంఘటనలు వైద్యపత్రికలలో నమోదయ్యాయి. పీల్పు కట్టు లేని రోజులలోను తెరచిన రొమ్ములో జఠరిక చినగడం ఉండేదన్నది కూడా నిజం. నేరమంతా పీల్పు మీదనే మోపడం న్యాయం కాదు. అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ 2009లో ఈ చికిత్స విషయమై హెచ్చరిక జారీచేసి, 2011లో దానిని పొడిగించింది. 2007 నుండి అప్పటి వరకు ఆ సంస్థకు అందిన నివేదికలలో 12 మరణాలు, 174 హానులు ఉన్నాయి. ఇవి అన్ని రకాల గాయాలకు చెందినవి, గుండె ఒక్కదానివి కావు. అయితే అన్నింటిలోకి తీవ్రమైనది రక్తస్రావమే అని ఆ సంస్థ స్పష్టంగా చెప్పింది.

ఇంత విన్న తరువాత ఇంటిలో ఎవరికైనా రొమ్ముపై ఈ కట్టు వేస్తామంటే వద్దని అడ్డుపడాలని అనిపించవచ్చు. అది పెద్ద పొరపాటవుతుంది. అదే లుండ్ నగరంలో 2005లో ప్రకటించిన ఫలితాలలో, పాత పద్ధతుల చికిత్స పొందినవారిలో నూటికి 15 మంది తొంభై రోజుల లోపల మరణించగా, పీల్పు కట్టు వేసినవారిలో ఒక్కరూ మరణించలేదు. బిరుసెక్కిన స్పాంజి విడిపోయిన ఎముకలను బిగించి పట్టుకొంటుంది; రోగి యంత్రం లేకుండా ఊపిరి తీయగలడు, లేచి నడవగలడు. గుండెకు అదీ ఉపకారమే. ప్రమాదాన్ని చూపినవారే ప్రాణాలు నిలబడిన లెక్కను కూడా చూపారన్నది మరువరాదు. కనుక అడగవలసిన ప్రశ్న ఒక్కటే: స్పాంజికి, గుండెకు మధ్య ఏమి వేశారు?

సమర్థుడైన వైద్యుని చేతిలో దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది. ఎముక వెనుక అతుక్కొన్న గుండెను జాగ్రత్తగా విడదీయడం, ఎముక అంచులను నునుపు చేయడం, గుండె ఏ మూలా బయటపడకుండా జిడ్డుగుడ్డ పొరలతోనో అంటుకోని సిలికోన్ పొరతోనో పూర్తిగా కప్పడం, పీల్పును 75 లేదా 50 నుండి మొదలుపెట్టి రక్తపీడనాన్ని కనిపెట్టుకొంటూ పెంచడం, ఇవి ఆ పనిలోని మెట్లు. గట్టి బిళ్ళను రోగులలోనూ వాడి లుండ్ వైద్యులు మేలైన ఫలితాలు ప్రకటించారు గాని, అది అన్నిచోట్లా దొరికేది కాదు. జిడ్డుగుడ్డ దొరకని ఆసుపత్రి మాత్రం లేదు. ఖరీదైన యంత్రం కన్న చవకైన ఆ గుడ్డ గుండెకు ఎక్కువ మేలు చేస్తున్నదంటే అతిశయోక్తి కాదు.

యంత్రం విషయమై ఒక మాట. కంపెనీ యంత్రం అద్దె, స్పాంజి ఖరీదు భరించలేనివారి కోసం ఈ దేశపు వైద్యులు చక్కని ఉపాయం కనిపెట్టారు. శుద్ధిచేసిన మామూలు స్పాంజి, అంటుకొనే ప్లాస్టిక్ పొర, రైల్స్ గొట్టం, గోడకు అమర్చిన సక్షన్, ఇంతే సరంజామా. కాలి పుండ్లకు, ప్రమాదాలలో అయిన గాయాలకు దీనితో ఎందరికో మేలు జరిగింది. అయితే గోడ సక్షన్‌కు నియంత్రణ మీట లేకపోతే అది 125 కన్న ఎన్నో రెట్లు లాగగలదు. కాలి మీద అది నొప్పితో పోవచ్చు. గుండె మీద అట్లా పోదు. రొమ్ము గాయానికి మీట లేని పీల్పును ఎంత పేదరికంలోనైనా ఒప్పుకోరాదు.

ఇక మరొక సందేహం తరచు వినవస్తుంది. గుండెజబ్బు ఉన్న మనిషికి పాదం మీద పుండుకు ఈ కట్టు వేయవచ్చునా? ఆ పీల్పు గుండెను లాగుతుందా? లాగదు. పీల్పు గాయపు ఉపరితలానికి పరిమితం. లోతుకు పోయినకొలది క్షీణిస్తుంది. పాదంలోని పీల్పు గుండెకు చేరదు. కాని దొడ్డిదారిన ఒక సంబంధం ఉన్నది. పెద్ద గాయం నుండి డబ్బాలోకి చేరే ద్రవం రోజుకు వందల మిల్లీలీటర్లు ఉండవచ్చు. అందులో నీరు, ఉప్పు, మాంసకృత్తులు అన్నీ ఉంటాయి. ఆ లోటు పూడ్చకపోతే రక్తపీడనం తగ్గి, బలహీనమైన గుండె తడబడుతుంది. మెడ పక్కన గాయమైతే మరొక మెలకువ కావాలి. అక్కడ సాగే వేగస్ నాడి ఒరిపిడి పొందితే గుండె వేగం మందగించవచ్చు. రొమ్ముపై కట్టు ఉన్న రోగికి గుండె ఆగి విద్యుత్ అదటు ఇవ్వవలసి వస్తే, దారికి అడ్డమున్న కట్టును ముందుగా తీసివేయాలి.

ఎముక చక్కగా కుట్టి చర్మం మూసిన తరువాత, పైన మాత్రమే వేసే పీల్పు కట్టు కూడా ఇప్పుడు వచ్చింది. దీనిలో గుండెకు లాగుడు తగలదు. చీము పట్టకుండా చూడడమే దాని పని. బెర్లిన్‌లో 150 మంది స్థూలకాయులపై జరిపి 2013లో ప్రకటించిన పరిశీలనలో, మామూలు కట్టు వేసిన 75 మందిలో 12 మందికి గాయం చెడగా, పీల్పు కట్టు వేసిన 75 మందిలో ముగ్గురికే చెడింది. ఖర్చును బట్టి అందరికీ అవసరం కాదు. మధుమేహంతోపాటు స్థూలకాయం ఉన్నవారి ఇంటివారు శస్త్రచికిత్సకు ముందే వైద్యుని అడగదగిన సంగతి.

తెరచిన రొమ్మును మొదట కనిపెట్టుకొనవలసినవారు వైద్యులు, నర్సులే. అయినా రాత్రి మంచం పక్కన మేలుకొని ఉండేది ఇంటివారు. గొట్టంలో పలుచని ఎర్రని రసి రావడం సహజం. చిక్కని, మెరిసే ఎర్రని నెత్తురు ఒక్కసారిగా గొట్టంలోనో డబ్బాలోనో కనిపిస్తే క్షణం ఆలోచించక నర్సును పిలవాలి. అప్పుడు చేయవలసింది పీల్పు ఆపడం. కట్టును మాత్రం కదపకూడదు, అదే నెత్తురుకు అడ్డుకట్ట. రక్తం పలుచనయ్యే మాత్రలు వాడుతున్న రోగి అయితే ఆ సంగతి కట్టు వేసేటప్పుడే గుర్తుచేయాలి. బైపాస్ రోగులలో ఆ మాత్ర లేనివారు అరుదు. కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోయి పీల్పు రెండు గంటలకు మించి ఆగితే, ఆ స్పాంజిని తీసివేసి వేరే కట్టు వేయాలని చెప్పాలి. ఆగిన స్పాంజి చీముకు నిలవ గుంట అవుతుంది.

కట్టును రెండు మూడు రోజులకు ఒకసారి మారుస్తారు. మార్చిన ప్రతిసారి లోపల ఎన్ని స్పాంజి ముక్కలు పెట్టారో, ఎన్ని జిడ్డుగుడ్డ పొరలు వేశారో పై పొర మీదనే సిరాతో వ్రాసి ఉంచడం మంచి వార్డులలో ఆచారం. ఆ అంకెను ఇంటివారు కూడా ఒక కాగితం మీద వ్రాసి దగ్గర పెట్టుకొంటే, మరుసటి కట్టు విప్పే వైద్యుడు వేరొకరైనా, లోపల పెట్టినవన్నీ బయటికి వచ్చినవో లేదో సరిచూసుకొనే వీలుంటుంది.